కన్నీళ్లు రాని ఓబులమ్మకు సర్టిఫికెట్టు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది ఎండాకాలంలో నన్ను మార్కాపురం తాలూకాలోని ఒక చిన్న డిస్పెన్సరీకి వేశారు. ఆ ప్రాంతం అప్పట్లో కర్నూలు జిల్లాలో ఉండేది. నా హోదా సబ్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా కోతలు కోసే పెద్ద డాక్టర్లు వేరే. మేము మందులిచ్చి, కట్లు కట్టి, సర్టిఫికెట్లు రాసేవాళ్లం.

ఒకరోజు పెద్దారవీడు వైపు నుంచి ఓబులమ్మ అనే రైతు ఇల్లాలిని బండిలో తీసుకొచ్చారు. వెంట భర్త కాశయ్య, అతని అక్క నాగమ్మ ఉన్నారు. ఓబులమ్మ అత్త పోయి పదిహేను రోజులైంది. శవం దగ్గర కోడలు ఒక్క చుక్క కన్నీరు కార్చలేదని, ఆమెను పుట్టింటికి తోలేయాలని నాగమ్మ పట్టు. డాక్టరుకు చూపించందే పంపేది లేదని కాశయ్య మొండికేశాడు.

"ఏడుపు వస్తాది సామీ, నీళ్లే రావు," అంది ఓబులమ్మ. ఏడాదిగా కండ్లల్లో ఇసుక పోసినట్టుందని, చెంబెడు నీళ్లు లేందే జొన్నరొట్టె దిగదని, వేళ్ల కీళ్లు నొస్తున్నాయని చెప్పింది. నోరు తెరిపించి చూస్తే, నాలుక నొక్కే చెంచా నాలుకకే అతుక్కుంది.

మదరాసు కంటి వార్డులో నేర్చుకున్న పరీక్ష ఒకటి ఉంది. బ్లాటింగ్ కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, కింది రెప్పకు తగిలించి, ఐదు నిమిషాలు ఆగి తడి ఎంత దిగిందో చూడాలి. పోల్చి చూడటానికని నాగమ్మకూ పెట్టాను. ఆమె కాగితం చివరిదాకా తడిసింది. పందెం గెలిచినట్టు దాన్ని తమ్ముడికి చూపించుకుంది. ఓబులమ్మ కాగితం పెట్టింది పెట్టినట్టే ఉంది.

నాగమ్మకు అప్పటికీ నమ్మకం కుదరలేదు. కాంపౌండరు చేత నాలుగు ఉల్లిగడ్డలు అక్కడే దంచించాను. నిమిషంలో కాశయ్య, నాగమ్మ, కాంపౌండరు, వరండాలో కూర్చున్న రోగులు, నేను, అందరం ముక్కులు చీదుకుంటూ ఏడ్చాం. ఓబులమ్మ ఒక్కతే పొడికండ్లతో మమ్మల్ని కలయజూసి, "ఈ ఏడుపేదో మా అత్త కాడ ఏడ్చింటే ఆమె సంతోషపడేది," అంది.

నాగమ్మ కండ్లు తుడుచుకుని, "ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదే?" అని అడిగింది.

"చెప్తే నమ్మేదానివా వదినా?"

ఆమెకు కన్నీరు ఊరదని ఇంగ్లీషులో సర్టిఫికెట్టు రాసిచ్చాను. ఆ ఊళ్లో దాన్ని చదవగలిగినవాళ్లు లేరు గాని గుండ్రని ముద్ర అందరికీ అర్థమైంది. పుట్టింటి మాట అక్కడితో ఆగిపోయింది. తర్వాత తనకు గిట్టని బంధువులు పోయినప్పుడు కూడా ఓబులమ్మ ఆ కాగితం చూపించి నీడపట్టున కూర్చునేదట. గడువు రాయకపోవడం నా పొరపాటు.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద తిరగబడే ఈ జబ్బు గురించి నేను చదివింది చాలా ఏళ్ల తర్వాత. అప్పటికి తెలిసిందల్లా కంట్లో శుభ్రమైన ఆముదం చుక్క, గాలికి కొంగు అడ్డం, గుక్కగుక్కగా నీళ్లు. నోరూరుతుందని నిమ్మబద్ద చప్పరించమన్నాను. ఏడాది తిరిగేసరికి ఆమె పళ్లు పుచ్చిపోయాయి. ఉమ్మి లేని నోట్లో పులుపు పంటిని తినేస్తుంది. నిమ్మ మాన్పించి, తిన్నప్పుడల్లా పుక్కిలించమన్నాను, రొట్టెకు బదులు మజ్జిగలో పిసికిన సంగటి తినమన్నాను. జబ్బు పోలేదు, ఆమె దాంతోనే కాపురం నెట్టుకొచ్చింది.

కండ్లు మండుతున్నాయని ఎవరొచ్చినా, రొట్టె నీళ్లు లేకుండా దిగుతుందా అని అడగడం అప్పటినుంచి అలవాటు చేసుకున్నాను. నయంకాని జబ్బుకు మందు రాసినప్పుడు, నెల తిరగ్గానే మళ్లీ పిలిపించి ఆ మందు చేసిన చెరుపేమిటో కూడా చూసేవాణ్ణి.