రాళ్ళ బాట మీద శుక్రవారం బస్సు

పోయిన నెల ఒక బుధవారం మధ్యాహ్నం మా రాళ్ళ క్రషర్ బెల్టులు ఉన్నట్టుండి ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాం. వెళ్ళి చూస్తే బెల్టుల పక్కన నీడలో కాక పడుకుని ఉన్నాడు, ఎవరో ఛాతీ రుద్దుతున్నారు. ఆసుపత్రికి చేరకముందే పోయాడు. దుబాయ్ దాటాక ఈ కల్బా వైపు పనిచేసే తెలుగువాళ్ళలో ఆయన్ని ఎరగనివాళ్ళు తక్కువ. ఆయనది మంచిర్యాల వైపు, మాది నెల్లూరు. అయినా నాకూ కాకే.

ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. కల్బా వెనక గుట్టల్లో మా క్యాంపు. ఊళ్ళోకి ఉన్నది ఒకటే దారి, అది కంపెనీ తన రాళ్ళ లారీల కోసం వేసుకున్నది. మొదట్లో శుక్రవారాలు దాని మీద మాకో బస్సు నడిచేది. బస్సు అడ్డొచ్చి లోడు ఆలస్యమవుతోందని ముదీర్, అంటే మా మేనేజరు, దాన్ని ఆపించాడు. శుక్రవారం సెలవు మాకే గానీ లారీలకు లేదు. కాబట్టి ఉత్తరం వెయ్యాలన్నా, పంటి నొప్పికి మందు కొనాలన్నా కంకర లోడు మీద కూర్చుని వెళ్ళేవాళ్ళం.

ఒకసారి డ్రైవరు వెనక మేమున్న సంగతి మరిచిపోయి తొట్టి పైకెత్తాడు. కంకరతో పాటు మేమూ జారి కుప్పలో పడ్డాం. ఎదురుగా టీకొట్టు ముందు జనం నవ్వారు. మేమూ నవ్వాం. సిగ్గేసినప్పుడు నవ్వెయ్యడం మాకు బాగా అలవాటు. కాక మాత్రం నవ్వలేదు. చొక్కా దులుపుకుని, జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.

"నడువున్రి. ఇయాల నడిచే పోదాం" అన్నాడు.

ఆ ఎండలో నడుస్తూ తన ఊరి సంగతి చెప్పాడు. "మా దిక్కు బొగ్గు లైనుండె. కంపెనీ లైను. గూడ్సు బండి ఎనుక మనుషులకని రెండు డబ్బాలు తగిలిచ్చేటోళ్ళు. మా అవ్వ పుట్టింటికి దాంట్లనే పోయేది. ఒకనాడు ఆ డబ్బాలు తీసేసిండ్రు. ఎందుకు తీసిండ్రని ఊర్ల ఒక్కడు అడగలే. నేను గూడ అడగలే."

మర్నాడే ముదీర్ దగ్గరికి వెళ్ళాడు. "సడక్ ఆప్‌కా హై సాబ్, లేకిన్ హమ్ పత్థర్ నహీ" అన్నాడట, దారి మీదే గానీ మేం రాళ్ళం కాదని. ఒక్కసారికి అయిపోలేదు. వెళ్ళడం, తిట్లు తినడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. మాకు విసుగొచ్చింది గానీ ఆయనకు రాలేదు. చివరికి ముదీర్ రెండు షరతుల మీద ఒప్పుకున్నాడు. ఎదురుగా రాళ్ళ లారీ కనబడితే బస్సు పక్కకు తీసి ఆగాలి. బస్సులో సామాను ఎక్కించకూడదు. రెండూ నా జిమ్మేదారీ అన్నాడు కాక.

మేమేం చేశామో చెప్పడానికి ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. సెలవు మీద ఇంటికి వెళ్ళేవాడెవడో ఒక అట్టపెట్టె ఎక్కించాడు. వాణ్ణి చూసి ఇంకొకడు దుప్పట్ల మూట, ఇంకొకడు గ్యాసు బండ. ఒక శుక్రవారానికి సీట్లలో పెట్టెలు కూర్చున్నాయి, మనుషులం నిలబడ్డాం. దారిలో జీపులో ఎదురొచ్చిన ముదీర్ లోపలికి తొంగి చూసి, "యే బస్ హై యా లారీ? ఖలాస్" అన్నాడు. బస్సు మళ్ళీ ఆగిపోయింది.

కాక మళ్ళీ ఆఫీసు ముందు నిలబడ్డాడు, చేతులు కట్టుకుని, ఎండలో. బెల్టుల దగ్గర్నుంచి మా అందరికీ కనబడుతూనే ఉన్నాడు. పెట్టెలు మావి, నిలబడ్డది ఆయన. పక్కన నిలబడడానికి ఒక్కరమూ వెళ్ళలేదు. బస్సు మళ్ళీ ఇప్పించుకుని వచ్చి మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "సామాన్లు లారీల పంపున్రి. మీరు బస్సెక్కున్రి. గంతే" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ తరువాత ప్రతి శుక్రవారం ఉతికిన చొక్కా వేసుకుని, ఖాళీ చేతులతో కిటికీ పక్కన కూర్చునేవాడు. లారీ కోసం బస్సు ఆగితే, "పోనియ్యున్రి, రాళ్ళకు తొందరున్నది" అనేవాడు. ఊరి ముందు ఆఖరి మలుపు రాగానే దువ్వెన తీసి తల దువ్వుకుని వెనక్కి అందించేవాడు. అది బస్సంతా తిరిగి మళ్ళీ ఆయన చేతికి వచ్చేది. "దిగితే మనుషుల లెక్క దిగాలె" అనేవాడు.

శవాన్ని దుబాయ్ ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళడానికి కంపెనీ లారీ ఇస్తామంది. బస్సు అడిగాం. "బస్సులో సామాను వద్దని ఒప్పుకున్నది మీ కాకే కదా" అన్నాడు ఆఫీసు గుమాస్తా. మా బస్సు నడిపే పఠాన్ డ్రైవరే సీట్లు ఊడదీస్తూ, "యే సామాన్ నహీ, సవారీ హై" అన్నాడు, ఇది సామాను కాదు, ప్రయాణికుడని. కాక పక్కన ఇన్నేళ్ళు కూర్చున్న మాకు ఆ మాట రాలేదు. దారిలో రాళ్ళ లారీ ఎదురైతే ఎప్పటిలాగే పక్కకు తీసి ఆగాం.

ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల గేటు దాటించి, వెనక కార్గో గేటుకు పొమ్మన్నారు. అక్కడ ఫ్రిజ్‌లు, టీవీ పెట్టెలు వరసలో ఉన్నాయి. వాటి వెనక కాక. వంతు వచ్చాక ఆయన్ని కాటా మీద పెట్టారు. మేమందరం గోడ వైపు తిరిగి నిలబడ్డాం. ఆయనైతే ఆ కాటా దగ్గరి గుమాస్తాని ఏదో ఒకటి అడిగి ఉండేవాడు.

కాక సామాన్లు సర్దుతుంటే దువ్వెన నా దగ్గర ఉండిపోయింది. మొన్న శుక్రవారం ఆఖరి మలుపులో తీసి తల దువ్వుకుని వెనక్కి అందించాను. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. బస్సంతా తిరిగాక చివరివాడు దాన్ని ఎవరికి ఇవ్వాలో తెలియక, కిటికీ పక్క ఖాళీ సీటులో పెట్టాడు.