కాక శభాష్‌లు

ఇవాళ పొద్దున మక్తల్‌లో, కరెంటు వచ్చి నెలైనా కాని మా మగ్గం గదిలో, టేపు రికార్డింగు జరిగింది. హైదరాబాదు హోటల్లో జాజ్ గిటారు వాయించే నా స్నేహితుడు డేవిడ్, నచ్చిన వాళ్లతో జోడీగా వాయించి టేపు చేసుకుంటున్నాడు. ఈసారి జోడీ మా కాక, అంటే మా చిన్నాయన, సన్నాయి.

గిటారు వంతు రాగానే కాక గట్టిగా "శభాష్" అన్నాడు. డేవిడ్ టేపు ఆపి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ "శభాష్". "కాకా, జర సప్పుడు చెయ్యకు" అని బతిమాలాను.

"పక్కనోడు గంత మంచిగ వాయిస్తాంటే నోరు మూసుకొని కూసునుడు మర్యాదేనా?" అన్నాడు. అయినా మా కోసం తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఈసారి గిటారు కాసేపు సాగి నీరసపడింది. డేవిడ్ బిక్కమొహం వేసి, "బాగా లేదా పెద్దాయనా?" అని అడిగాడు.

తువ్వాలు తీసేశాక టేపు అద్భుతంగా వచ్చింది. అందులో శభాష్‌లు ఆరు, ఒకటి సన్నాయికి డేవిడ్ అన్నది.

సాయంత్రం అన్నం తింటూ నేనూ మా ఆవిడతో "శభాష్, పచ్చిపులుసు బాగుంది" అన్నాను.

"ఎన్నడు లేంది, ఉప్పెక్కువైందా ఏంది?" అంది.

మీ ఇళ్లలోనూ ఇంతేనా?