ఒరుగుతున్న గంటల గోపురం

ఆ ఊరికి నేనెప్పుడూ వెళ్ళలేదు. ఇంగ్లండులో ఎక్కడో ఓ నలభై ఇళ్ళు, ఒక పబ్బు, ఎనిమిది వందల ఏళ్ళ నాటి రాతి చర్చి. కెనడాలోని మార్కమ్‌లో మా ఆఫీసు మూడో అంతస్తులో కూర్చుని ఆ చర్చి గంటల గోపురాన్ని కనిపెట్టుకుని ఉండడం నా ఉద్యోగం. జీతమిచ్చి రాళ్ళకి కాపలా పెట్టారని మా ఆయన వెక్కిరించేవాడు. గోడలకి బిగించిన సెన్సర్లు గోపురం ఎంత ఒరుగుతోందో పంపిస్తాయి. పది మిల్లీమీటర్లు దాటితే నా స్క్రీన్ మీద ఎర్ర గీత వస్తుంది, నేను వాళ్ళకి ఫోన్ చెయ్యాలి.

మూడేళ్ళలో ఎర్ర గీత ఒక్కసారీ రాలేదు. రాకుండా చేస్తున్నది నేనేనని నాకు తెలీదు.

చర్చి బాగోగులు చూసేది ఒక పెద్దావిడ. నెలకోసారి వీడియో కాల్‌లో మాట్లాడేది. లాప్‌టాప్ చేత్తో పట్టుకుని గోపురం కిందికి వెళ్ళి, పిల్లలకి బాప్తిస్మం ఇచ్చే రాతి తొట్టి చూపించేది. బుధవారం సాయంత్రాలు ఆరుగురు అక్కడే నిలబడి తాళ్ళు లాగుతూ గంటలు సాధన చేస్తారని, వాళ్ళలో తనూ ఒకతెనని గర్వంగా చెప్పింది. చివర్లో ప్రతిసారీ ఒకటే ప్రశ్న, అంతా బాగానే ఉందా అని. బాగానే ఉందండీ అనేదాన్ని.

ఒక బుధవారం మధ్యాహ్నం లంచ్ డబ్బా కడుక్కుని వచ్చి, ఏమీ తోచక పాత రికార్డులు తెరిచాను. చలికాలం వెళ్ళగానే లెక్క సున్నా నుంచి మొదలుపెట్టడం మా ఆఫీసు అలవాటు. చలికి ముడుచుకున్న రాయి ఎండకి సర్దుకుంటుంది, పాత అంకె ఎందుకు మొయ్యడం అని. నేనూ ఏటా ఆ బటన్ నొక్కేదాన్ని. ఆ రోజు సున్నాల వెనక ఉన్న అంకెలు కలిపి చూశాను. ఎనిమిది, ఏడు, తొమ్మిది. గోపురం ఇరవై నాలుగు మిల్లీమీటర్లు ఒరిగింది, ఒక్కసారీ వెనక్కి రాలేదు.

మాకు టైము మధ్యాహ్నం రెండు దాటింది. అక్కడ సాయంత్రం ఏడు దాటింది. ఏడున్నరకి గంటలు మొదలవుతాయి. ఆ గంటలు ఊగితే గోపురమూ ఊగుతుంది.

మేనేజర్ దగ్గరికి పరిగెత్తాను. మనవాడే, కర్నూలు. అంకెలు చూసి మొహం పాలిపోయింది. వెంటనే తేరుకున్నాడు.

"సెన్సర్ ఇష్యూ అని మెయిల్ పెట్టెయ్ అక్కా. జీరో చేశామని మాత్రం ఎక్కడా రాయకు."

ఒక్క క్షణం అది మంచి సలహాలాగే అనిపించింది. అందుకే అతని మీద కోపం కంటే నా మీద నాకు అసహ్యం ఎక్కువ వేసింది.

ఆవిడకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ గోడల మధ్య ఫోన్ సిగ్నల్ రాదని, వీడియో కాల్ చర్చి వైఫై మీద చేస్తున్నానని ఆవిడే ఒకసారి చెప్పింది. మళ్ళీ మళ్ళీ చేస్తుండగానే స్క్రీన్ మీద గోపురం కదలికని చూపించే గీత వణకడం మొదలైంది. గంటలు కొడుతున్నారు. ఆ ఊరి పబ్బు నంబర్ వెతికి ఫోన్ చేసి, ఎవరినైనా చర్చికి పరిగెత్తించండి, అందరినీ బయటికి రమ్మనండి అని బతిమాలాను. పబ్బులో ఫోన్ ఎత్తినతను మీరెవరని రెండుసార్లు అడిగాడు. తర్వాత ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

గీత వంకే చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపటికో వణుకు ఆగిపోయింది. గంటలు ఆపారో, గోపురమే కూలిందో ఆ గీత చెప్పదు.

పావుగంటకి ఆవిడే ఫోన్ చేసింది. ఆరుగురూ చర్చి బయట, సమాధుల మధ్య నిలబడి ఉన్నారట. సెన్సర్ పాడైందా అని అడిగింది. నా కుర్చీ పక్కనే నిలబడ్డ మేనేజర్, అవునని చెప్పమన్నట్టు తల ఊపాడు.

"సెన్సర్ బాగానే ఉందండీ. ఏటా దాన్ని సున్నా చేసింది నేను. మూడేళ్ళూ మీకు తప్పు చెప్పాను."

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మెల్లగా అడిగింది.

"మీరు చూసే మిగతా చర్చిలకి కూడా ఇలాగే చేశారా?"

నా లిస్టులో ఇంకా పదకొండు ఉన్నాయి. చేశానండీ అన్నాను.