అన్న బండికి కొత్త ముఖం

సోమవారం ఉదయం ఆరుంపావుకు నల్లగొండలో దేవరకొండ బస్సెక్కాను. ఒళ్లో పాత దుప్పటిలో చుట్టిన మూట. అందులో మా అన్న బండి ముఖం ఉంది. దూరప్రయాణాల మోటార్‌సైకిళ్లకు గాలి కొట్టకుండా ముందు లైట్ల చుట్టూ పెద్ద తొడుగు ఉంటుంది, ఫేరింగ్ అంటారు, అదే. మహబూబ్‌నగర్‌లో ఖాజా భాయ్ అనే ఫైబర్ పనివాడు దాన్నే కోసి, ఒంటి గుండ్రటి లైటు పట్టే చిన్న తొడుగుగా మారుస్తాడని తెలిసి బయలుదేరాను. కండక్టర్ మూటకు లగేజీ టికెట్ కొట్టాడు.

అన్న గుండెపోటుతో పోయి పది నెలలు. బండి తుప్పు పడుతుందని వదినే నన్ను నడపమంది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. చీకటి పడే వేళకు నేను ఆఫీసు నుంచి వచ్చి వీధి మలుపు తిరగగానే, అన్న బండి రెండు లైట్లను చూసి వదిన గేటు తీస్తుంది. దగ్గరికొచ్చాక నన్ను చూసి, "నువ్వా" అని లోపలికి వెళ్లిపోతుంది. రోజూ ఇదే. చూడటం నా వల్ల కాలేదు. బాపును అడిగాను, పక్కింటివాళ్లను అడిగాను. బండి ముఖం మార్చెయ్యమన్నారు. పోయినవాళ్ల మాట భార్య ముందు ఎత్తకూడదని మా ఇళ్లలో పట్టింపు, అందుకని వదినకు చెప్పలేదు. ఆమె హుజూర్‌నగర్‌లో తల్లిగారింటికి వెళ్లింది కదా అని నిన్న వాకిట్లో కూర్చుని బోల్టులన్నీ విప్పాను. తొడుగు ఊడి వైర్లు వేలాడుతున్న బండిని చూడలేక పైన గోనెపట్టా కప్పేశాను.

దేవరకొండలో ఇడ్లీ తిని ఎనిమిదిన్నరకు కల్వకుర్తి బస్సు పట్టుకున్నాను. డిండి దాకా రాళ్ల గుట్టలూ, ఏరేసిన పత్తి చేలూ తప్ప చూడటానికేమీ లేదు. పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంది. కుదుపులకు దుప్పటి జారి లైట్ల బొక్కలు బయటపడితే, ఆమె తొడుగును వేలితో కొట్టి చూసింది.

"లోపట ఒట్టిదేనా బిడ్డా?"

"ఒట్టిదే అవ్వా. బండి మొఖం."

"మా కొట్టంల గిట్లాంటిదే ఒకటున్నది. దూడ సచ్చిపోతే తోలుల గడ్డి గూరి బర్రె ముందట నిలవెట్టినం. దాన్ని నాకుకుంట పాలిస్తాంది."

"పాపం, గది దూడనే అనుకుంటదా?"

"ఎందుకనుకుంటది? దానికి వాసన తెల్వదా? తెలిసే నాకుతది."

డిండిలో ఆమె దిగిపోయింది. ఆ మాట నేను పట్టించుకోలేదు. కల్వకుర్తిలో వెంటనే బస్సు దొరుకుతుందో లేదోనన్న ఆలోచనలో ఉన్నాను.

కల్వకుర్తిలో, జడ్చర్లలో బస్సులు మారి పన్నెండుకు మహబూబ్‌నగర్ చేరాను. ఖాజా భాయ్‌కి ఇంటి ముందే రేకుల షెడ్డు. తొడుగును వెలుతురులో తిప్పి చూసి మనసు కష్టపెట్టుకున్నాడు.

"ఒక్క గీత గూడ పడలే సార్. గింత మంచిదాన్ని ఎందుకు కోయిస్తున్నవ్? కోస్తే మళ్ల గట్ల కాదు. ఇంట్ల అందరికీ ఇష్టమేనా?"

"అందర్నీ అడిగిన భాయ్."

"అయితే జర గట్టిగ పట్టు."

పట్టుకున్నాను. కటింగ్ మెషిన్ రెండు రెక్కలనూ ముక్కలు చేసింది. తెల్లటి పొడి నా చేతుల నిండా పడింది. మిగిలిన మధ్యభాగానికి ఫైబర్ గుడ్డ చుట్టి, జిగురు పూసి ఎండలో పెట్టాడు. అది ఆరేలోగా హోటల్లో జొన్నరొట్టె ముందు కూర్చున్నాను కానీ, ఆ జిగురు వాసనకు తిండి సహించలేదు. రెండున్నరకు తొడుగు చేతికిచ్చాడు. ఎవరి బండిదో పోల్చుకోలేనంత బాగా చేశాడు. నేను కోరిందీ అదే. అయినా సంతోషం కలగలేదు.

తిరుగు బస్సులో కండక్టర్, "ఒళ్లె పట్టేదే గద సార్, దీనికి టికెట్ ఎందుకు?" అన్నాడు.

ఐదింటికి, కల్వకుర్తి దాటాక వదిన ఫోన్ చేసింది. అప్పుడే ఇల్లు చేరిందట.

"శీనూ, బండి మొఖమేది?"

చెప్పాను. మార్పించడానికి మహబూబ్‌నగర్ తీసుకెళ్లాననీ, ఆమె బాధపడకూడదని మేమంతా కలిసి అనుకున్నామనీ చెప్పాను.

"మీ అన్న రాడని నాకు తెల్వదనుకున్నవా?" అంది. "గా లైట్లు మలుపు తిరిగినంక, నువ్వు కనవడేదాక, ఒక్క నిమిషం. రోజంత గా నిమిషం కోసమే చూస్తుంటి. వాపస్ తీస్కరా. మళ్ల బిగియ్యి."

కోసేశామని చెప్పడానికి నోరు రాలేదు. "సరే వదినా" అన్నాను.

డిండిలో బస్సు ఆగినప్పుడు పొద్దున అవ్వ దిగిన చోటు కనిపించింది. ఆమె చెప్పిన మాట అప్పుడు చెవికెక్కింది. ఈ దారిన వెళ్లాలనుకునేవారికి భయమేమీ లేదు. బస్సులు వేళకే దొరుకుతాయి, రోడ్డు బాగుంది, మనుషులు మంచివాళ్లు. నాకు మాత్రం ఇది మా అన్నను రెండోసారి సాగనంపి వస్తున్న దారి.

ఆరున్నరకు దేవరకొండలో దిగాను. నల్లగొండ బస్సు సిద్ధంగా ఉంది. కండక్టర్ గట్టిగా పిలుస్తున్నాడు. తర్వాతి దానికి వెళ్దామని, ఆ చిన్న తొడుగును ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాను.