ఆ తెల్ల సీసా ఎవరిది

నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్లయింది. మాత్రలకూ సూదులకూ అలవాటు పడ్డాను గానీ భయానికి మాత్రం అలవాటు పడలేదు. మా అమ్మకు ఇదే జబ్బు. కాలు పుండుపడి, చివరికి గుండె ఆగి పోయింది. ఒంట్లో ఎక్కడ చిన్న మంట పుట్టినా నాకు ఆమే గుర్తొస్తుంది.

పోయిన ఎండాకాలం ఎమ్మిగనూరులో నేను చూపించుకునే డాక్టరమ్మ ఒక మాట అడిగింది. ఒక తల్లి పిల్లల్లో ఒకరికి షుగర్ ఉండి ఇంకొకరికి లేకపోతే, ఇద్దరి రక్తమూ పోల్చి చూసే పరిశోధన ఒకటి జరుగుతోందట.

"మీ అక్కచెల్లెళ్లిద్దరిలో చాలా జన్యువులు ఒకటేనమ్మా. వాటిలో ఏది పనిచేస్తోంది, ఏది ఊరికే ఉంది, దానివల్ల రక్తంలో కొవ్వు ఎట్ల మారుతోంది అని చూస్తారు. మీ చెల్లెల్ని పిలుచుకొస్తారా?" అంది.

మా చెల్లెలు ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేస్తుంది. పుల్లలా ఉంటుంది. ఒక్కనాడూ రక్తం చూపించుకున్న మనిషి కాదు. నా ఎదురుగానే టీలో మూడు చెంచాల చక్కెర వేసుకుని, "నీ వాటా గూడా నేనే తాగుతాండా కదక్కా" అని ఏడిపిస్తుంది. నాకు ఒళ్లు మండేది. అయినా పిలిచాను, వచ్చింది.

పరగడుపున ఇద్దరం రక్తం ఇచ్చి బల్ల మీద కూర్చున్నాం. ల్యాబులో పనిచేసే ఆమె రెండు సీసాలనూ యంత్రంలో తిప్పి, తీసి స్టాండులో నిలబెట్టింది. అడుగున ఎర్రగా రక్తం, పైన తేట. ఒక సీసాలో తేట లేత పసుపుగా ఉంది. రెండోదాంట్లో పాలు పోసినట్టు తెల్లగా ఉంది. కొవ్వు బాగా ఎక్కువైతేనే అట్లా ఉంటుందని నాకు తెలుసు, ఇన్నేళ్లుగా ఆ ల్యాబు చుట్టూ తిరుగుతున్నదాన్ని. అది నాదే అనుకున్నాను. నాది కాక ఇంకెవరిదవుతుంది? అమ్మ దారే నాదీ అనిపించింది.

ల్యాబు ఆమె సీసా మీది పేరు చదివి చెల్లెలి వైపు తిరిగింది. "పొద్దున ఏమన్నా తింటివామ్మా?" అంది.

అమ్మయ్య అనుకున్నాను. దాచేదేముంది, నాకు మొదట కలిగింది అదే.

ఆ వెంటనే దాని మీద విరుచుకుపడ్డాను. "బస్టాండు కాడ ఉగ్గాని తింటివి కదా? నిజం సెప్పే."

"నీళ్లు గూడా తాగలేదక్కా."

నేను నమ్మలేదు. నమ్మడానికి భయం వేసింది. ఆ రోజు దాన్ని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. పెందలాడే జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెట్టాను. తెల్లారి పళ్లు తోముకుంటుంటే కూడా పక్కనే నిలబడ్డాను.

రెండోసారి తీసిన సీసా కూడా తెల్లగానే తేలింది.

దాని రక్తంలో షుగర్ కూడా ఎక్కువే తేలిందని, చాలాకాలంగానే ఉండి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. సన్నగా ఉంది కదా అని ఎవరమూ అనుమానించలేదు. కొవ్వు ఇంత పెరిగితే క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చు, గుండెకూ ముప్పే, మందులు ఈరోజే మొదలుపెట్టాలంది. పోల్చడానికి ఇంకెవరినైనా వెతుక్కుంటామని మెల్లగా అంది.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. చెల్లెలే మొదలుపెట్టింది.

"నిన్న ఆ తెల్లది సూసి నీదే అనుకుంటి. పాణం పోయినంత పనాయ. నాదని సెప్పినాకనే ఊపిరొచ్చె నాకు."

ఆటో వస్తోందేమోనని నేను రోడ్డు వైపు చూశాను.

"నాదని తెలిసి నువ్వు శానా బయపడితివి కదక్కా?" అంది.

"అవును" అన్నాను.