కరుణక్క పేజీలో నేను రాసిన కామెంటు

నాలుగేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూడే మూడు వాక్యాల అబద్ధం. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇది ధైర్యమా, పిరికితనమా? నాకైతే తేలడం లేదు.

కరుణక్కా నేనూ విశాఖలో ఒక బట్టల షాపులో పక్కపక్క కౌంటర్లలో నిలబడి పనిచేసేవాళ్లం. ఆమెది మల్కాపురం, వాళ్లాయన పోర్టులో పనికి వెళ్తాడు. మాది మధురవాడ. ఉన్నట్టుండి షాపు మూసేశారు. నేను ఇంట్లో కూర్చుని ఏడ్చాను. అక్క ఏడవలేదు. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న కేకులు చేసి, ఫోన్లో ఒక పేజీ తెరిచి అమ్మడం మొదలుపెట్టింది. నెల తిరక్కుండా, నేర్చుకోమని నన్ను కూడా వాళ్లింటికి రమ్మంది.

కేకు ఒక్కటే కాదు, అమ్ముకోవడం కూడా ఆమే నేర్పింది. ఫొటో కిటికీ పక్కన, పగటి వెలుతురులో తియ్యాలని చెప్పింది. ఎవరిదో బొమ్మ ఎత్తుకొచ్చి పెట్టకూడదని, మనం చేసింది వంకరగా ఉన్నా మనదే పెట్టాలని చెప్పింది. ప్రతి పోస్టులో మన ఏరియా పేరు రాయాలి, అడిగిన ప్రతి ఒక్కరికీ ఆ పూటే జవాబివ్వాలి. నా పేజీకి పేరు పెట్టింది కూడా ఆమే.

వాళ్ల వంటిల్లు రోడ్డు వైపు ఉంటుంది. లారీల దుమ్ము లోపలికి రాకుండా కిటికీకి తడి గోనె కట్టేది. రోజూ వేన్నీళ్లలో ఉతికి మరీ కట్టేది. ఆ గోనె ఎన్నిసార్లు నేనే పిండి ఇచ్చానో.

ఆమె చేతులు క్రీముతో గులాబీ వేస్తున్న వీడియో ఒకటి ఊరంతా తిరిగింది. గాజువాక నుంచి, సీతమ్మధార నుంచి ఆర్డర్లు వచ్చాయి. నా పేజీలో మాత్రం మా చుట్టాలే లైకులు కొడుతుండేవారు. కుళ్లుకున్నానా? అప్పుడు ఒప్పుకునేదాన్ని కాదు. అక్క బాగుపడితే నాకు సంతోషమే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని, అలా చెప్పుకోవలసి వస్తోందంటేనే లోపల ఏదో చెడిందని తెలిసి కూడా.

క్రిస్మస్‌కి వారం ముందు మా అపార్టుమెంటు లిఫ్టులో పైన ఉండే ఆవిడ కనిపించింది. చేతిలో కేకు డబ్బా, మీద అక్క పేజీ పేరు. ఊరు ఆ చివర నుంచి క్యాబులో తెప్పించుకుంది. నేను ఆమెకి రెండంతస్తుల కింద ఉంటాను. నేను కేకులు చేస్తానని ఆమెకి తెలుసు.

ఇంట్లోకి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు. సత్యవతి అని ఒక దొంగ పేరుతో అకౌంటు తెరిచాను. అక్క పేజీలో రాశాను: "ఈవిడ కేకు తిని మా పాపకి రెండు రోజులు వాంతులు. కిటికీకి మురికి గోనె వేలాడదీసి దాని కింద ఈ కేకులు చేస్తారు. కళ్లారా చూశాను."

తీసేద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. గంట తర్వాత చూస్తే కింద ఇరవై మంది ఉన్నారు. ముక్కూ మొహం తెలియని ఒకావిడ "మాకూ అలాగే అయ్యింది" అని రాసింది. నా అబద్ధానికి సాక్షి దొరికింది! అది చూసి భయం వేసింది. కొంచెం, చాలా కొంచెం, హాయిగా కూడా అనిపించింది. ఆ హాయి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత.

మర్నాడు మధ్యాహ్నం అక్క రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చింది. ఫోను నా చేతిలో పెట్టింది.

"సూడే, ఏటి రాసీసేరో. నానెవులికి ఏటి సేసాను? నిజంగా పాపకి బాగోకపోతే ఫోన్ సేసి తిట్టొచ్చు కదా. నంబరున్నాది కదా."

"ఏడవకు అక్కా. దాన్ని తీసెయ్. జవాబిస్తే ఇంకా పెద్దదవుద్ది."

"తీసేత్తే తప్పు సేసినట్టు కాదేటి?"

"కాదు. రెండ్రోజుల్లో అందరూ మర్చిపోతారు."

నా ముందే తీసేసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"గోనె ఉన్నాదని ఎవులికి తెల్సే? కేకు కొన్నోలెవులూ లోపలికి రాలేదు."

రాసింది నేనే అని చెప్పడానికి అంతకన్నా మంచి క్షణం మళ్లీ రాలేదు. నేనన్నది ఇది: "మీ పక్కింటావిడ గిన్నెలు తోమడానికొస్తుంది కదా అక్కా. ఆవిడే అయ్యుంటుంది."

అక్క మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఆ కామెంటు ఫొటో అప్పటికే ఎవరో తీసి ఉంచుకున్నారు. తప్పు లేకపోతే ఎందుకు తుడిచేసింది అంటూ అందరికీ పంపారు. పండగ ఆర్డర్లు ఒక్కొక్కటే రద్దయ్యాయి. సంక్రాంతి వెళ్లేసరికి పేజీ మూతపడింది. పక్కింటావిడతో వీధిలో పెద్ద గొడవైందని తర్వాత తెలిసింది. అక్క పురుళ్లకి చెయ్యందించిన మనిషి ఆమె. ఇద్దరూ ఇప్పటికీ మాట్లాడుకోరు.

నా పేజీ పెరిగింది. ఇప్పుడు కొత్తగా వ్యాపారం మొదలుపెట్టే ఆడవాళ్లకి క్లాసులు కూడా చెబుతున్నాను. వెలుతురు గురించి, ఏరియా పేరు గురించి చెబుతాను, అన్నీ అక్క మాటలే. ఒక్కటి మాత్రం నా సొంతం. చెడ్డ కామెంటు వస్తే తుడిచెయ్యకండి, అందరి ముందే మర్యాదగా జవాబివ్వండి, అంటాను. రాసుకుంటారు. ఎలా తెలుసుకున్నారు మేడం అని ఒకమ్మాయి అడిగితే, అనుభవం అన్నాను.

పోయిన నెల పూర్ణామార్కెట్ దగ్గర అక్క కనిపించింది. ఒక హాస్టల్లో వంట చేస్తోందట. నా క్లాసు వీడియో చూశానంది. "బాగా సెప్పేవే" అంది. అంతే. ఆమెకి తెలుసా? మొదటి నుంచీ తెలుసా? బస్సొచ్చింది, ఎక్కేసింది. ఆపలేదు నేను.

ఇది చదివి నన్ను క్షమించమని అడగను. క్షమించడానికి మీరెవరు? క్షమించవలసిన వాళ్లు ఇద్దరున్నారు, ఒకే గోడకి ఇటూ అటూ. రేపే వెళ్లి చెబుతానని కూడా మాటివ్వలేను. అలాంటి మాటలు నాకు నేనే చాలా ఇచ్చుకున్నాను. ఈ ఒక్క పని మాత్రం ఇవాళ చెయ్యగలిగాను. పక్కింటావిడ కాదు, నేనే. ఈ మాట ఇన్నాళ్లకి నా చేత్తో రాశాను. రాసి, పైకి ఒకసారి చదువుకున్నాను. నా గొంతు నాకు వినబడింది.