అత్త దవడలో బిగించిన బోల్టు

మా అత్తకు డెబ్బై దాటాక కింది దవడలో కుడివైపు పళ్లు ఊడిపోయాయి. పెట్టుడు పళ్ల సెట్టు పెడితే నమలడం మాట అటుంచి, మాట్లాడుతుంటేనే బయటకు తొంగిచూసేది. ఇక అంబలి, మెత్తటి అన్నం తప్ప ఏదీ ముట్టక మనిషి చిక్కిపోయింది. శ్రీకాకుళంలో పళ్ల డాక్టరమ్మ చూసి, దవడ ఎముకలోకి స్క్రూలు దింపి, ఎముక వాటిని పట్టుకున్నాక పైన పళ్లు కడతానంది.

నేను సాలూరులో లారీలు బాగుచేస్తాను. చదువు ఏడో తరగతిలోనే నాకు దణ్ణం పెట్టేసింది గానీ, బోల్టుల సంగతి తెలుసు.

"తుప్పట్టిన ఛాసీకి కొత్త బోల్టు నిలుస్తాదా అత్తా?" అన్నాను, డాక్టరమ్మ ముందే.

"నీ తలకాయలో ఓటి బిగించమందునా? అక్కడ శానా ఖాళీ ఉన్నాది," అంది. ఆవిడ నాకు పిల్లనిచ్చిన అత్తే కాదు, మేనత్త కూడా. మా మధ్య మొహమాటాలు లేవు.

డాక్టరమ్మ నవ్వి, వయసొక్కటే అడ్డు కాదంది. పెద్దవాళ్ల ఎముక స్క్రూను పట్టుకోవడానికి నిదానిస్తుందట, కొందరిలో పలచబడిపోతుందట. ఎక్స్‌రేలో అత్త ఎముక బాగానే ఉంది. "కానీ అమ్మా, ఆ అడ్డపొగ మానెయ్యాలి. నిప్పు నోట్లో పెట్టుకోకూడదు."

మా వైపు పెద్ద వయసు ఆడవాళ్లు చుట్టను తిరగేసి, అంటుకున్న కొస నోట్లో ఉంచుకుని కాలుస్తారు, అదే అడ్డపొగ. చేలో వంగి పనిచేస్తున్నా గాలికి ఆరిపోదు. అత్తకు పెళ్లికి ముందు నుంచీ అదే తోడు.

స్క్రూలు దింపి, కొన్ని నెలలు ఆగమన్నారు. ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి అత్త అరుగు మీద కూర్చుని, మగాళ్లలా నిప్పు బయటకు పెట్టి చుట్ట కాలుస్తోంది.

"ఏటత్తా ఇది?"

"డాక్టరమ్మ నిప్పు లోపలెట్టొద్దంది. బయటెట్టినాను. రుసీ పసా నేదు, అయినా మాటిన్నాను."

పడీపడీ నవ్వాను. నవ్వయ్యాక భయం వేసింది. మర్నాడే తీసుకెళ్లాను. ఒక స్క్రూ మెడ చుట్టూ ఎముక కొంచెం తరిగిందని ఎక్స్‌రే చూపించింది.

"ముసిలెముక గదమ్మా, అరిగుంటాది," అంది అత్త.

"వయసు ఆలస్యం చేస్తుందమ్మా. తినేస్తున్నది పొగ. నిప్పు ఎటున్నా పొగ నోట్లోకే కదా? పోయిన ఎముక మళ్లీ రావడం కష్టం. ఉన్నదైనా నిలిస్తే పళ్లు కడతాను. లేకపోతే స్క్రూ తీసెయ్యాలి."

తిరుగు బస్సులో నాకు ఒక్క జోకూ తట్టలేదు. షెడ్డుకొచ్చిన బండి ఏది మొరాయించినా "పాతదయ్యా" అనేస్తే పని సులువు. ఆయిలు ఎవరు మార్చలేదో అడగక్కర్లేదు. మనుషుల విషయంలోనూ అదే మాట అనేస్తుంటాం.

"అది మానేస్తే సాయంత్రాలు ఏటి సెయ్యాల్రా?" అంది అత్త, కిటికీలోంచి చూస్తూ.

"నన్ను తిట్టు."

ఆ పని శ్రద్ధగా చేసింది. దీపాలు పెట్టే వేళకు ఫోన్ మోగేది. నా నడక, నా బండి, నేను పుట్టిన ముహూర్తం, దేన్నీ వదల్లేదు. కొన్నాళ్లు గొంతులో ఏడుపు కూడా వినిపించేది.

మళ్లీ వెళ్లినప్పుడు డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, స్క్రూలు కదిపి చూసింది.

"ఊగతన్నాదేటమ్మా?"

"లేదమ్మా. ఎముక ఇంకేమీ తరగలేదు. పళ్లు కట్టేద్దాం. ఏడాదికోసారి మాత్రం చూపించుకోవాలి."

పళ్లు కట్టించుకుని వస్తుంటే బస్టాండులో ఉడికించిన వేరుశెనక్కాయలు కొనమంది. బస్సులో ఒక్కొక్కటే ఒలిచి, కుడివైపే వేసుకుని, కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలింది. నేను చెయ్యి చాపితే పొట్లం అవతలి పక్కకు మార్చేసింది.